నేను సమ్మె చేయించిన అగ్నిపర్వతం

"అగ్నిపర్వతం ఎక్కుడు పెద్ద ముచ్చటేం గాదు. కాళ్లున్నోడు ఎవడైనా ఎక్కుతడు. నేను ఎక్కిన, చూసిన, దిగిన. గంతే."

గిట్ల మొదలువెట్టిన, శానా వినయంగ. నేను వినయంగ మొదలువెట్టిన్నంటే జర జాగ్రత్తగ ఉండాలెనని మా రేగొండల అందరికి ఎరుకే. కని బయట వాన దంచుతున్నది. అక్తర్ భాయ్ చాయ్ హోటల్ రేకుల కింద ఇరుక్కొని కూసున్నం, ఎవ్వరు లేచి పోయేటట్టు లేదు. నాకు గదే కావాలె.

అసలు సంగతేందంటే, తెల్లారితే భూపాలపల్లిల వ్యవసాయ ఆఫీసు ముందట ధర్నా. ఈ ఏడు మా దిక్కు ఒక కంపెనీ పత్తి గింజ వెట్టినోళ్లందరి చేన్లు నడుమెత్తు పెరిగినయ్, ఆకు పచ్చగ నవనవలాడుతున్నది, కాయ మాత్రం లేదు. నలభై కుటుంబాలు ఆగమైనయ్. రేపు మైకు ఎవరు పట్టాలె అన్నది తేల్చుకుందామని కూసున్నం. నేనే పడ్తననుకున్న. నాకొచ్చినన్ని నినాదాలు మండలంల ఇంకొకరికి రావు. గప్పుడు మా ఉపేందర్, నాతోటి డిగ్రీ చదివినోడు, చాయ్ ఊదుకుంట ఒక మాట అడిగిండు. గా కంపెనీయే గదా ఎండకాలం నిన్ను బాలి దీవులకు తీస్కపోయింది, దాని మీదికే మైకు ఎట్ల పడ్తవురా అని.

అడగాల్సిన మాటే. మా బావ హన్మంత్‌ది రేగొండల విత్తనాలు, ఎరువుల దుకాణం. ఎక్కువ సంచులు అమ్మిన డీలర్లను కంపెనీలు విమానమెక్కించి తిప్పుకొస్తయ్, అది అందరికి తెల్సిన రివాజే. బావకు రెండు టికెట్లొచ్చినయ్. మా అక్క సరోజన పరకాల దాక బస్సుల పోవాల్నన్నా నిమ్మకాయ వాసన చూస్కుంట పోతది. విమానమనంగనే చేతులు జోడించింది. గా రెండో టికెట్ మీద నేను పోయిన. దానికి నెల ముందే, 'రైతు చెమట మీద డీలర్ల విహారం' అని ఒక కరపత్రం వచ్చింది. రాసింది నేనే, అచ్చు వేయించింది నేనే, ఊరూర పంచింది నేనే, ఆఖరికి కిటికీ పక్క సీటు అడిగి మరీ కూసున్నది గుడ నేనే.

అందుకే ఉపేందర్‌కు చెప్పిన, నేను పోయింది తిరగటానికి గాదు, శత్రువు గుడారంల ఏమున్నదో చూసొచ్చేటందుకని. ఉపేందర్ నమ్మలే. గప్పుడు అగ్నిపర్వతం బయటికి తీసిన.

"గుట్ట పేరు బాటూరు. మన పాండవుల గుట్టలు పది తెచ్చి ఒకదాని మీద ఒకటి పేర్చుకోండ్రి, గంత ఎత్తు. డీలర్లు పద్దెనిమిది మంది, అందరికి ఖరీదైన బూట్లు. నా కాళ్లకు బాత్రూం చెప్పులు. సగం దూరంల డీలర్లంత కూలవడ్డరు. నేను మాత్రం ఎన్కకు చూడలే. ఎక్కేటోనిదే గుట్ట అనుకుంట ఎక్కిన."

నిజానికి రెండు తావుల గైడు నా చంకల కింద చేతులు వెట్టి గుంజిండు. ఒక తావుల ఎత్తుకున్నడు. అవి చెప్పలే.

"ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? మీదికి పోయినంక బండల సందుల నుంచి ఆవిరి బుసబుసమని వస్తున్నది. గైడు కోడిగుడ్లు తెచ్చి గా సందుల వెట్టిండు, ఐదు నిమిషాలల్ల ఉడికినయ్. నాకు రక్తం మరిగింది. గైడును అడిగిన, తమ్మీ, గుడ్డు ఎవరిది? కోడిది. ఆవిరి ఎవరిది? గుట్టది. మోసింది ఎవరు? నువ్వు. మరి పైసలు ఎవరికి పోతయ్? జీపు ఓనర్‌కు. వాని కండ్లల్ల నీళ్లు తిరిగినయ్. గక్కడ్నే, గా పొగల్నే, గైడుల సంఘం వెట్టిన. ఏడు నిమిషాలల్ల అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి."

అక్తర్ భాయ్ వాళ్ల అమ్మ ఇమాంబీ గల్ల పెట్టె కాడ కూసొని అల్లం దంచుతున్నది. దంచుడు ఆపి, ఏ భాషల మాట్లాడినవు బేటా అని అడిగింది.

"తెలుగులనే, ఖాలా. కడుపు కాలినోళ్లకు భాష అడ్డం రాదు."

ఆమె ఒప్పుకున్నట్టే తల ఊపి, మరి గుడ్లు నువ్వెన్ని తిన్నవని అడిగింది. నాలుగు అన్న. ఎందుకో గది ఒక్కటి నిజం చెప్పిన. ఆమె మల్ల అల్లం దంచుకున్నది. నేను తిన్నగ చెప్తే నమ్ముతలేరనిపించి ఇంకొంచెం మీదికి లేపిన.

"పొద్దెక్కెటాల్లకు మూడు వందల మంది గైడులు. జీపులు ఎక్కడియక్కడ బంద్. గక్కడ కోతులుంటయ్, టూరిస్టుల కండ్లద్దాలు గుంజుకొని, అరటిపండు ఇస్తేనే తిరిగిస్తయ్. నేను చెప్పిన్నో లేదో, సంఘీభావంగ అద్దాలన్ని వాపసు ఇచ్చినయ్. ఒక ముసలి కోతైతే ఎవరి అద్దాలు వాళ్లకు, నంబరు చూసి మరీ ఇచ్చింది."

"మన కోతులకు గుడ జర చెప్పు భాయ్," అన్నడు అక్తర్, గ్లాసులు కడుక్కుంట. "మొగుళ్లపల్లి తొవ్వల మా బామ్మర్ది మిర్చి చేను రెండుసార్లు పీకినయ్."

అందరు నవ్విండ్రు. ఒక్క దుర్గయ్య కాక నవ్వలే. ఆయన మూడెకరాలు కౌలుకు చేస్తడు, మా ఊరి రైతు సంఘంల పెద్ద మనిషి. మూలకు కూసొని ప్లాస్టిక్ సంచి ఒకటి ఒళ్లె వెట్టుకొని వింటున్నడు. ఆయన నవ్వకపోతే నాకు మైకు దొరకదు. గందుకే ఇగ గుట్టనే కదిలిచ్చిన.

"అసలు అగ్నిపర్వతమంటే ఏంది కాకా? అది గుడ కార్మికుడే. వేల ఏండ్ల సంది నైటు డ్యూటీ, పగటి డ్యూటీ, లోపల మంట, ఒక్క సెలవు లేదు. నేను దాని నోటి కాడికి పోయి వంగి చెప్పిన, కామ్రేడ్, ఎన్నేండ్లు గిట్ల ఒక్కనివే లోలోపల కుములుతవు? సంఘంల చేరు. చేరింది. పదకొండు నిమిషాలు పొగ బంద్. ఆవిరి బంద్. వెట్టిన గుడ్లు పచ్చిగనే ఉన్నయ్."

ఎవరు లెక్కవెట్టిండ్రని ఉపేందర్ అడిగిండు. కోశాధికారి అన్న.

"గది చూసి పక్క దీవిల గుట్ట బంద్. దాని పక్క దీవిల గుట్ట బంద్. సముద్రం గుడ ఊకుంటదా? మీదికి లేచిన అల లేచినట్టే నిలవడ్డది, దాని కడుపుల చేపలు గోడకు మేకులు కొట్టినట్టు ఆగినయ్. దీవులన్ని కదిలి, జర అటు ఇటు సర్దుకొని, మన దిక్కు మూడు మైళ్లు జరిగినయ్. మల్లొచ్చేటప్పుడు విమానం గంట ముందే హైదరాబాదుల దిగింది, మా బావనడుగుండ్రి."

మా బావ దుకాణంల ఉన్నడు. వానల ఎవ్వరు పోయి అడగరని నా ధైర్యం.

"ఇగ కంపెనీ మేనేజరు ఉరికొచ్చి నా కాళ్లు వట్టుకున్నడు. శ్రావణ్ సార్, సముద్రాన్ని విడిచిపెట్టుండ్రి, ఇగ మీద రేగొండ రైతుకు ఒక్క తాలుగింజ అమ్మం అని అగ్నిపర్వతం మీద ప్రమాణం చేసిండు. గప్పుడు నేను గుట్ట నోటి ముందట నిలవడి, సూర్యుడు ఇటు, నేను అటు, పిడికిలెత్తి, గొంతు చించుకొని ఒక్క నినాదం ఇచ్చిన. మూడు దీవులకు వినవడ్డది."

గప్పుడు దుర్గయ్య కాక నోరు తెరిచిండు.

"ఏ చెయ్యి ఎత్తినవు బిడ్డా?"

"ఎడమ చెయ్యి, కాకా."

"నెత్తిన టోపీ ఉండెనా?"

ఉండె అన్న.

"పచ్చదా?"

నా చెయ్యి నెత్తి మీదికి పోయింది. ఆయన ఒళ్లెకెళ్లి సంచి తీసి, దాంట్లకెళ్లి నాలుగు మడతల కాయితం తీసి, బెంచీ మీద తడి తుడిచి పరిచిండు. రంగుల కాయితం. మీద కంపెనీ పేరు, కింద గింజ పేరు. నడుమ పొగలుగక్కే గుట్ట. గుట్ట ముందట పచ్చ టోపీ వెట్టుకొని, పిడికిలెత్తి, నోరు బార్లా తెరిచిన నేను. నా కాళ్ల కింద పెద్ద అక్షరాలు: 'అగ్నిపర్వతం లాంటి దిగుబడి. ఈ ఆదర్శ రైతు ఆనందం చూడండి. శ్రావణ్, రేగొండ మండలం.'

నేను జన్మల నాగలి పట్టలే. మా ఇంటెన్క బెండ మొక్క గుడ అమ్మనే పెట్టింది.

"మా చిలుకమ్మ గోడకు అతికిచ్చింది, క్యాలెండర్ పక్కన," అన్నడు కాక. చిలుకమ్మ ఆయన భార్య. "మనోని బొమ్మ రంగులల్ల అచ్చయిందని. నేను ఏం అనుకున్ననో ఎరుకేనా? కంపెనీలను తిట్టే పిల్లగాడు, చదువుకున్నోడు, వాడే గింత సంబురంగ చెయ్యెత్తి చెప్తుండంటే, గింజ మంచిదే అయ్యుంటది అనుకున్న. మూడెకరాలు గదే వెట్టిన."

తిట్టినా బాగుండు. గొంతు గుడ పెంచలే.

గా కాయితం నాకు కొత్తది గాదు. మృగశిర ముందు బావ దుకాణంల కట్టలు కట్టలుగ చూసిన. గా రోజు గుట్ట మీద నిజంగ నేనిచ్చిన నినాదం 'బహుళజాతి కంపెనీలు నశించాలె' అని. ఫొటో తీసినోనికి తెలుగు రాదు, సంబురం అనుకున్నడు. దుకాణంల చూసిన్నాడే లొల్లి చెయ్యాలె, చింపాలె, ఊరంత తిరిగి అది అబద్ధమని చెప్పాలె. చెయ్యలే. ఎందుకు చెయ్యలేదంటే, ఒకటి బావ ముఖం. రెండోది, చెప్పుకుంటే సిగ్గు, ఫొటోల మంచిగ పడ్డననిపించింది. ఒకటి మడిచి జేబుల గుడ వెట్టుకున్న, అది అంగి ఉతికిన్నాడు ముక్కలు ముక్కలైంది.

"మైకు ముచ్చట ఇడిచిపెట్టు," అన్నడు ఉపేందర్. ఎక్కిరించుడు లేదు వాని గొంతుల. కంపెనీ వాళ్లు మొన్న ఏమన్నరో చెప్పిండు. రేగొండ మండలంల గా గింజ మేము అమ్మనే లేదు, ప్రచారమే చెయ్యలేదు అన్నరట. ఆఫీసర్లు రుజువు తెమ్మంటున్నరు. రుజువేది? దుకాణంల బిల్లుకు బదులు తెల్ల చీటీ మీద రాసిచ్చిండ్రు. ఖాళీ సంచులు ఎవరు దాస్తరు, పొయ్యిల కాలినయ్. కరపత్రాలు లొల్లి మొదలుగాంగనే దుకాణాలోళ్లు ఏరుకొని మాయం చేసిండ్రు. నలభై ఇండ్లల్ల మిగిలింది చిలుకమ్మ గోడ మీద గీ ఒక్కటే.

"కంపెనీ పేరున్నది, గింజ పేరున్నది, మండలం పేరున్నది," అన్నడు కాక, కాయితం మీద వేలు జరుపుకుంట. "మనిషున్నడు. రేపు చిలుకమ్మ మాట్లాడుతది. నువ్వు ఆమె పక్క గీ కాయితం వట్టుకొని నిలవడు."

అందరు నా దిక్కే చూస్తున్నరు. కాయితం వట్టుకుంటే అది ఏ దుకాణం నుంచి వచ్చిందో అడుగుతరు. చెప్తే బావ దుకాణం లైసెన్సు ఉంటదో పోతదో తెల్వదు. అక్క ఏమంటదో మాత్రం తెల్సు. వట్టుకోకుంటే ఈ నలభై కుటుంబాల మాట గాలికి పోతది. పదకొండు నిమిషాలు పొగ ఆపిన మొనగాన్ని, కాక దిక్కు తిరిగిన.

"నేనేం చెప్పాలె కాకా?" అని అడిగిన.

"ఏం చెప్పకు. అడిగితే, గీ బొమ్మల ఉన్నది నేనే, నేను రైతును గాదు, గీ కాయితం ఫలానా దుకాణంల పంచిండ్రు అను. మూడు మాటలు."

ఒకసారి అను బేటా, విందం అన్నది ఇమాంబీ. ఆమెకు నా మీద నమ్మకం లేదు. నాకు గుడ లేదు.

లేచి నిలవడ్డ. అలవాటుగ చెయ్యి మీదికి లేవవోయింది. దింపుకొని, కాయితం ఛాతీ మీదికి వట్టుకున్న.

"గీ బొమ్మల ఉన్నది నేనే. నేను రైతును గాదు. గీ కాయితాలు మా బావ హన్మంత్ దుకాణంల పంచిండ్రు."

వాన జర తగ్గింది. ఇంకో మాట, సామ్రాజ్యవాదం మీద, మంచి మాట, నాలుక కొస దాక వచ్చింది. దుర్గయ్య కాక నా నోటి దిక్కే చూస్తున్నడు. మింగిన.

"గంతే," అన్నడు కాక. "రేపు గుడ గంతే."