ఎలుకల గదిలో ఒక రోజు తేడా

ఆ కార్డు ఎక్కడ దొరికింది నీకు, పాత పెట్టెలోనా? ఇటివ్వు. నా రాతే ఇది. కూర్చో, నువ్వూ ఆ చదువులోనే దిగావుగా, చెబుతాను. నేను ఎలుకల్ని చూసుకునే ల్యాబులో ఒకావిడ పరిశోధన చేసేది, కళ్ళద్దాల మేడమ్ అనేవాళ్ళం. పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఎలుక కడుపులో పిల్లలున్నప్పుడే, ఆ పిల్లల్లో రేపు గుడ్డో వీర్యమో అవ్వాల్సిన కణాలుంటాయి చూడు, అవి ఏ రోజున ఏం చేస్తాయన్నది ఆవిడ పని. "ఎక్కడో తోక దగ్గర పుట్టి, నడుచుకుంటూ వచ్చి వాటి ఇంట్లో చేరతాయండీ" అనేది, సొంత చుట్టాల సంగతి చెప్పినట్టు. ఆ ఎలుకల గది వాసన తలుచుకుంటే ఇప్పటికీ నాకు... సరే, అది వదిలెయ్. ఎడమ వరస ఎలుకల్ని చూసుకోవడం మా అక్క మొగుడి పని, కుడి వరస నాది. పొద్దున్నే ఒక్కో ఆడ ఎలుకనీ ఎత్తి చూడాలి. కింద తెల్లగా మైనం ముక్కలా కనిపిస్తే జత కట్టిందని గుర్తు. ఆ రోజు నుంచి కార్డు మీద లెక్క. పదమూడో రోజున మేడమ్‌కి అప్పగించాలి. అప్పటికి ఆడపిల్లల్లో ఆ కణాలు గుడ్డయ్యే పని మొదలెడతాయట. తీరా చూస్తే ఆవిడ మైక్రోస్కోపు కింద పెట్టే గాజుపలకల్లో సగంలో కణాలు పని మొదలెట్టాయి, సగంలో ఉలుకూ పలుకూ లేదు. ల్యాబు నడిపే పెద్ద డాక్టరుగారేమో, "నీ చెయ్యి కుదరట్లేదమ్మా, నెలాఖరుకి తేలకపోతే ఇంకో పని చూసుకో" అన్నాడు. మూడేళ్ళ కష్టం మరి. కణాలకి పట్టించే రంగు మార్చింది, కోసే కత్తి మార్చింది, తిండి మానేసింది పాపం.

అప్పుడు మీ అమ్మమ్మ కడుపుతో ఉంది. మా అమ్మ ఏడో నెలంటుంది, మా అత్తగారు ఆరే అంటుంది. "ఎక్కణ్ణించి లెక్కపెడుతున్నావు వదినా?" "నువ్వెక్కణ్ణించి?" ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరేశారు. అన్నం ముందు కూర్చున్నవాణ్ణి, నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పక్కనున్న బావని అడిగాను, గుర్తు కనిపించిన రోజున కార్డు మీద ఏం రాస్తావని. "సున్నా" అన్నాడు. నేను ఒకటి రాసేవాణ్ణి. అంటే నా వరసవన్నీ ఒక రోజు చిన్నవి.

ఉద్యోగం పోతుందని తెలుసు. అయినా మర్నాడు వెళ్ళి చెప్పేశాను. ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుని, "కార్డులన్నీ పట్రండి" అంది. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కో పలకనీ దాని కార్డు పక్కన పెట్టాం. నావన్నీ పన్నెండో రోజువి, బావవి పదమూడోవి. ఒక్కటీ వృథా పోలేదు. ఆ ఒక్క రోజులో ఏం మారిందో కళ్ళకి కట్టినట్టుంది. పెద్ద డాక్టరుగారు అన్నీ చూసి, "బాగుంది. ఇన్నాళ్ళూ తప్పెవరిది మరి?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు ఆవిడ, "నాదే సార్. ఎక్కణ్ణించి లెక్కపెట్టాలో వీళ్ళకి నేను చెప్పలేదు" అంది. ఆ రోజు నుంచి ఆవిడంటే నాకు ప్రాణం. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు అక్కడే హాయిగా చేశాను. నిజంగానే చెప్పలేదా అంటావా? ఎందుకు చెప్పలేదమ్మా, చెప్పింది. నేను చేరిన మొదటి రోజే చెప్పింది, రెండుసార్లు.

ఆ ఫ్యాను కాస్త తగ్గించు.