పాస్ ఇవ్వని మేనేజర్

ఐర్లండ్‌లోని బాలింకాలిగ్‌లో హాకీ మ్యాచ్‌కి విరామం ఇచ్చారు. ఒకే గొడుగు కింద ఇద్దరు అభిమానులు నిలబడి ఉన్నారు. గొడుగు పెద్దాయన చేతిలో ఉంది.

“విన్నవా? మన తేజేశ్వర్ ఆట బంద్ చేసి ఏడాది గాలే, అప్పుడే క్లబ్బుకు జనరల్ మేనేజర్‌ని చేసిన్రంట!”

“విన్నానన్నా. మంచి ఆటగాడేగా.”

“ఏం మంచి? బంతి దొరికితే ఎవరికన్న ఇచ్చిండా? పాస్ ఇయ్యిరా అని మొత్తుకున్నా ఇనకపోయేది. తనే కొట్టాలె, తనే పోగొట్టాలె. గసొంటోడు క్లబ్బును నడుపుతడా?”

“అడిగితే ఇక్కడి ఐరిష్‌వాళ్లలా ‘గ్రాండ్, గ్రాండ్’ అనేవాడు, అంతా బాగానే ఉందన్నట్టు.”

“ఆ మాటింటేనే నాకు మండుతది! వాడు వద్దని అందరితోని సంతకాలు పెట్టిచ్చి కమిటీకి ఇద్దాం. మొదటి సంతకం నువ్వే పెట్టు.”

“నేను పెట్టలేనన్నా.”

“ఎందుకు?”

“పొద్దున ఫోన్ చేశాడు. అమ్మాయిల జట్టుకి కోచ్‌గా ఉండమన్నాడు. సరేనన్నాను.”

గొడుగు పక్కకు జరిగింది. చిన్నవాడి భుజం తడవసాగింది.

“వాడు బుద్ధెరిగినంక ఇచ్చిన మొదటి పాస్ నీకా? ఇన్నేండ్లు వాని పక్కన ఫార్వర్డ్ ఆడి, స్టిక్ ఎత్తి అరిసింది నేను గదరా!”