మంచానికొక్కడు

"నానమ్మా, రేపు కెమిస్ట్రీ వైవా. గీ ఎలక్ట్రాన్లు బుర్రకెక్కుతలేవు."

ఓ పిచ్చిదానా, గంత భయమెందుకే? మీ మేనత్త సరళ లేదా, ఇయ్యాల కాలేజీల గదే పాఠం చెప్తున్నది, ఒకప్పుడు గా ఎలక్ట్రాన్ల కాడనే గజగజ వణికింది. జర కూసో, చెప్త.

అప్పుడు మనం గుజరాత్‌ల, పల్సానాల ఉంటుంటిమి. మీ తాత సాంచెల మీద బట్ట నేసేటోడు, నేను మెస్సు నడుపుతుంటి. మన దిక్కు నుంచి సాంచెల పనికొచ్చిన పోరగాండ్లు మా మిద్దె మీది అర్రల పండుకునేది. కందిపప్పు ఎంత అగ్గువుండె అప్పుడు, ఇప్పుడు ముట్టుకుంటె కాలుతది... ఏం చెప్తున్న? ఆఁ, మంచాలు. అర్రల మూడే మంచాలు. ఖాళీది ఉండంగ ఎవడన్న ఇంకొకని పక్కకు పోతడా? పోడు. మూడు నిండినంకనే నాలుగోటోడు ఒకని పక్కల జొరబడ్తడు. గదీ, వాని తల ఇటుంటె వీని తల అటు.

సరళ అప్పుడు డిగ్రీ ఫస్టియర్. మీ తాతది ఒక్కటే మాట, "వైవా తప్పితే చదువు బంద్. ఇంట్ల కూసోని చీరెలకు రాళ్లు అంటియ్యాలె." నాకేమో పాణం కొట్టుకుంటుండె. మా ఇంట్ల కాలేజీ గడప తొక్కింది అదొక్కతే గదా.

మనసాగక వైవా నాడు నేను గూడ పోయిన, అన్నం డబ్బా పట్టుకోని. కిటికీ కాడ నిలబడ్డ. పరీక్ష పెట్టే సారు, గుజరాతాయన, హిందీల అడుగుతున్నడు. ముందుగాల, సున్నంల నీళ్లు పోస్తే ఎందుకు సలసల కాగుతది అన్నడు. దీపావళికి మేం గోడలకు కొట్టంగ చూసిందేనాయె, "రెండు కలిస్తే వేడి బయటికొస్తది సార్" అని టక్కున చెప్పింది. తర్వాత, నైట్రోజన్ల చివరి అరలు మూడుంటయి, మూడు ఎలక్ట్రాన్లు వాట్ల ఎట్ల నిండుతయి అన్నడు. ఇగ దిక్కులు చూడవట్టె. గప్పుడు కిటికీ కాడ నన్ను చూసింది. ఏం యాదికొచ్చిందో ఏమో, "మూడు మంచాలు సార్, మంచానికొక్కడు!" అనేసింది.

సారు కలం కింద పెట్టిండు. "ఆక్సిజన్ల నాలుగుంటె?"

"నాలుగోటోడు ఒకని పక్కల జొరబడ్తడు సార్. తలలు చెరో దిక్కు."

"ఒక్క దిక్కే పెడితే?"

"పెట్టరు సార్, మా అమ్మ ఊకోదు!"

అబ్బబ్బ, ఆ సారు నవ్విన నవ్వు! కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. ఎలక్ట్రాన్లు గూడ అచ్చం గట్లనేనట. "పాసైనవ్ పో బేటీ" అన్నడు. మెస్సుల పోరగాండ్లైతే "మన మంచాలు బుక్కుల ఉన్నయటరో" అని ఎగిరిండ్రు.

మీ తాత గీ ముచ్చట ఇని చెప్పులేసుకోని రింగ్ రోడ్ బట్టల బజారుకు పోయిండు. తెల్లబట్ట తెచ్చిండు, ల్యాబ్ కోటుకు. అప్పటిదాక సరళ దోస్తుది అడుక్కోని తొడుగుతుండె. దర్జీ కొలతలు తీస్తుంటె, "జర పొడుగు పెట్టు భాయ్, బిడ్డ మూడేండ్లు తొడగాలె" అన్నడు. నాకు సంతోషంతోని కండ్లల్ల నీళ్లాగలే.

నువ్వు గూడ సల్లగ చదువు బిడ్డా. నీకు ఎంత దూరం చదవబుద్దయితే గంత దూరం... లే, చాయ్ పెడ్త.