వదినె కొలత

1943. గద్వాలలో వడ్రంగి రామస్వామి కొట్టం. ధరూరు నుంచి కురుమయ్య పటేలు వచ్చి కూర్చున్నాడు.

"గీరలు బండి చక్రాలంత పెద్దగొద్దు రామస్వామీ. చిన్నయి పెట్టు. అమాసకు కుర్చీ నా ఇంట్ల ఉండాలె."

"చిన్న గీరలైతే మీ వదినె చేతికి అందయి పటేలా. కర్నూలు దిక్కు ఒక దవాఖానల చూసిన. పక్కలకు రెండు పెద్ద గీరలు. కూసున్నోళ్లే చేత్తోని తిప్పుకుంట పోతరు. నాగేంద్రమ్మ చేతులు మంచిగనే ఉన్నయంటివి గద?"

"చేతులు మంచిగనే ఉంటయి. అయినా ఆమె ఎందుకు తిప్పుకోవాలె? ఎనక నుంచి నూకెటోళ్లు ఉన్నరు."

"ఎవరు లేనప్పుడు?"

"ఎవరు లేనప్పుడు ఆడనే ఉంటది."

"సరే. గీర ఆగెటందుకు అడ్డకొయ్య పెడత. చెయ్యి పక్కకే పెట్టనా?"

"ఎనక పెట్టు. ఆమెకు అందొద్దు."

"అందకపోతే జర కష్టం..."

"అందొద్దన్న గద. నడుముకు తోలు పట్టా గూడ పెట్టు. ముడి వీపు దిక్కు రావాలె."

"జారి పడ్తదనా?"

"ఆఁ. జారి పడ్తదనే."

"పాపం. మొన్న శ్రీరంగాపూర్ల కనిపించె. నాకంటె ముందు నడుస్తుండె. పక్షవాతమా?"

"చేస్తవా, చెయ్యవా?"

"చేస్త. రేపు ధరూరు వచ్చి కొలత తీసుకుంట. కూసునే మనిషి కొలత లేకుంట కుర్చీ చెయ్య. మా నాయన నాటి పద్ధతి."

"నువ్వు రావొద్దు. కొలత నేనే తెచ్చిన. ఇగో, దారం."

"పసుపు రాసినవేంది? గీ ముడి?"

"మోకాలు. పైది నడుము. గీ కొస తల, గా కొస మడమ."

"పటేలా."

"ఏంది?"

"కొసకు మట్టి అంటింది. మడమ కింద తొక్కిపట్టినట్టు. ఇది నిలబెట్టి తీసిన కొలత."

"అయితే?"

"కాళ్లు పడిపోయిన మనిషి ఎట్ల నిలవడ్డది?"

"'వదినే, నీ పేరు మీద జమ్ములమ్మ తల్లికి నీ నిలువెత్తు వత్తి మొక్కిన' అంటి. నవ్వుకుంట వచ్చి గోడకు నిలవడ్డది."

"నవ్వుకుంటనా?"

"మా అన్న పోయినప్పటి నుంచి భూమంత ఆమె పేరు మీదనే. అమాస దాటినంక తాసిల్ కచేరికి పోయి తన చెల్లె బిడ్డకు రాసిస్తదంట. నడిచి పోతదంట."

"నాకు భయమైతుంది పటేలా. నేను చెయ్య."

"ఈ కొట్టం ఉన్న జాగ ఎవరిది?"

"ఆ మాట ఇప్పుడెందుకు పటేలా?"

"ఎవరిది రామస్వామీ?"

"నీదే."

"మల్ల? కట్టె మంచిది చూసి పెట్టు. మస్తు దినాలు కూసునే కుర్చీ."

"ఒక్కటి చెప్పు పటేలా. నాగేంద్రమ్మ కాళ్లు ఎన్నడు పడినయి?"

"యాడ పడినయి? అమాసకు పడతయి."