మా అత్త పలచన చేయించిన గుట్ట

"అవ్వా, చెట్లు కొట్టేస్తే అడివికి మేలు అంటాండారే, అదెట్లా?"

నువ్వూ మీ ముత్తాత, అదే మా మామ మాదిరే అడుగుతాండావే! కూసో అప్పా, చెప్తా. ఆ మాట మీదనే కదా మా అత్తకీ మామకీ మాటలు నిలిచిపోయింది.

నేను మిట్టేమరికి కోడలుగా వచ్చిన కొత్త. గుట్ట వారన మనకి కొంచెం పట్టా అడివి ఉండె. నారేపి, చిరుమాను, యాపమాను, తుమ్మ, అన్నీ కలిసే. యాడ చూసినా పుల్లలే. కొట్టిన మొద్దుకి గుంపుగా పిలకలు లేసి, ఒకదాన్నొకటి తోసుకుంటా, బొటనేలంత... కాదు కాదు, చేతికర్రంత లావుండేవి. మామ వాటిని నరికి బాగేపల్లికి బండేసుకోని పోతే కట్టెల ధరే. ఆ కాలంలో ఉప్పుకీ మిరపకాయలకీ సరిపోయేది. ఇల్లేమో బోదగడ్డి కప్పిన కొట్టం, వానొస్తే లోపల కూడా వానే. ఒక దూలం ఎత్తాలంటే ఇంత అడివిలో పనికొచ్చే మాను ఒక్కటి లేదు, చూడు!

మా అత్తది నాగరగెరె పక్క. "రాగి చేను ఒత్తుగా మొలిస్తే పెరికి పలచన చేస్తాము కదా, మానుకెందుకు చేయకూడదు? మొద్దుకొక తిన్నని పిలక పెట్టుకోని తక్కినవి కొట్టిద్దాం" అనె.

మామ ఒప్పుకుంటేనా! "కట్టెలకి కొన్ని నరికేది వేరే, పచ్చని చెట్లన్నీ ఒక్కసారే కొడితే పాపం. వంకరగా ఉంటే కొట్టేస్తారా?"

"వంకర మనిషితో ఇన్నేండ్లు కాపురం చేసినా. వంకర మానుతో చేయలేను" అనేసె!

మామ ఎవరిదో పెండ్లికని విదురాశ్వత్థకి పోయినాడు. అంతే, ఆమె కూలోళ్లని పిలిపించె. నేనూ పోతి. ఆమె ముందర నడుస్తా, ఉంచే మానుకి సున్నం పూస్తాండె. ఒకే జాతి ఉంచలేదప్పా. పురుగు పడితే అన్నీ ఒకేసారి పోతాయంట. దున్నే మడకకి వంపు కావాలని వంకర తుమ్మలు కూడా కొన్ని ఉంచె.

మామ తిరిగొచ్చి గుట్టని చూసి, "తల గొరిగించినావు కదే!" అని వాకిట్లోనే కూలబడె. ఊరంతా నవ్వె. ఆ దినం నుంచి ఏమి కావాలన్నా నాతోనే. "అమ్మా, మీ అత్తకి చెప్పు, మజ్జిగ పొయ్యమను." ఆమె పక్కనే నిలబడి ఉండాది! "మీ మామకి చెప్పు, చట్టిలో ఉండాది" అంటాండె ఆమె. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంటాంటి. పోను పోను ఇంటి మాటలు కలిసె గానీ, గుట్ట మాట మాత్రం నా నోటి గుండానే.

మీ నాయన పుట్టి, పెరిగి పదో క్లాసు ఎస్సెల్సీకి వచ్చేసరికి మాన్లకి ఎండ తగిలి, వేరుకి జాగా దొరికి, ఎంత లావెక్కె! కింద గడ్డి మొలిచి గొడ్లకి మేత కూడా. చింతామణి నుంచి కలప సావుకారి వచ్చినాడు. ఒక్కొక్క మానునీ కౌగిలించుకోని చూసి, "ఇవి కట్టెల ధరకి పోయేవి కాదప్పా, దూలాల ధర ఇస్తా. పక్కోళ్ల అడివిలో అన్నీ పుల్లలే. దీన్ని ఎవరు పలచన చేయించింది?" అని అడిగె.

మామ మీసం దువ్వుకునె. తానేనని చెప్పుకుంటాడులే అనుకుంటి.

"మా ఇంటామె. నేనొద్దన్నా వినలేదు" అనె. అని, ఇంటి పక్కకి తిరిగి, "ఏమే! ఏయే మాన్లు ఇద్దామో నువ్వే వచ్చి చెప్పు!" అని నేరుగా ఆమెనే కేకేసె.

మా అత్త కండ్లల్లో నీళ్లు, నోట్లో నవ్వు. "లావువి ఇద్దాం. సన్నవి ఇంకా పెరగనీ" అనె. ఆ ఏడే పెంకుటిల్లు లేసె.

నువ్వు కూడా చల్లగుండు నాయనా. నీ మాట వినని పెండ్లామే నీకు దొరకనీ... నవ్వుతావేమి, నిజంగానే అంటాండా...