కోతలక్క చెప్పిన డిస్కు కథ

ఆ కుట్టుపని హాల్లో బట్ట కోసేదీ ఆవిడే, కోతలు కోసేదీ ఆవిడే. అందుకే అందరూ ఆవిడని కోతలక్క అనేవాళ్ళు. ఎదురుగానే అనేవాళ్ళు. ఆవిడ కూడా అదేదో తన పనితనానికి దక్కిన బిరుదన్నట్టే పలికేది. కత్తెర పడితే పొరలు పొరలుగా పేర్చిన గుడ్డ ఒకే గీత మీద తెగాల్సిందే, నోరు తెరిస్తే గోరంత కొండంత కావాల్సిందే.

ఆ రోజు మధ్యాహ్నం తిండి వేళకి మాత్రం ఆవిడ కథ కోసం ఎవరూ కూర్చోలేదు. మగవాళ్ళు టీ తాగడానికి కిందికి దిగిపోయారు. ఆడవాళ్ళు ఎప్పటిలాగే వెనక మెట్ల మీద డబ్బాలు విప్పుకున్నారు. కాజాలు కుట్టే ఆమె, అందరూ కాజాల చెల్లి అని పిలిచే ఆమె, ఇస్త్రీ బల్ల దగ్గర పనిచేసే వదిన పక్కన చేరి ఏదో గొంతు తగ్గించి అడుగుతోంది.

ఆమెకొచ్చిన కష్టం చిన్నదేం కాదు. కాజాల మిషను ముందు పొద్దున కూర్చుంటే తిండి గంట దాకా లేవడానికి లేదు. ఒకరు ఆగితే వెనకున్న వరసంతా ఆగిపోతుంది. నెలసరి రెండో రోజు ఆమెకి గండం. ప్యాడ్లు పెట్టుకుంటే కూర్చుని కూర్చుని తొడలు ఒరుసుకుపోయి, సాయంత్రం ఇంటికి నడవడమే కష్టమయ్యేది. లోపల పెట్టుకుని దారంతో లాగి తీసే టాంపాన్లకి మారి చూసింది. ఉధృతంగా ఉన్న రోజున అవి పూట కూడా ఆగలేదు, ఆఖరి రోజున తీయబోతే పొడిబారిపోయి మంట పుట్టించాయి. కిందటి నెల లేచి చూసుకునేసరికి స్టూలు మీద మరక, ఒళ్ళో ఉన్న తెల్లకోటు అంచున మరక. అవి ఆసుపత్రికి వెళ్ళాల్సిన కోట్లు. సూపర్‌వైజరు ఏమీ అనలేదు, ఆ కోటు పక్కన పెట్టించి ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే ఆమెకి తిట్టుకన్నా ఎక్కువ గుచ్చుకుంది. ఇక పనికి వెళ్ళననీ, ఇంట్లోనే చిన్నాచితకా కుట్టుకుంటాననీ మొగుడితో చెప్పేసింది కూడా. అతను చెప్పిందంతా విని, నీ ఇష్టం అన్నాడు గానీ, ఆమెకే మనసొప్పలేదు. కాజా కుట్టడంలో ఆ హాల్లో తనని మించినవాళ్ళు లేరని ఆమెకి తెలుసు.

ఆఖరికి మందుల షాపులో ఉండే అమ్మాయి ఇదొకటి వాడి చూడండని ఓ చిన్న పెట్టె చేతిలో పెట్టింది. మెన్‌స్ట్రువల్ డిస్క్ అట. అరచేతిలో పట్టే మెత్తని పళ్ళెంలా ఉంది, చుట్టూ వంగే అంచు. టాంపాన్‌లా పీల్చుకోదు, గిన్నెలా పట్టి ఉంచుతుందట. చూస్తేనే కాజాల చెల్లికి భయమేసింది. ఇంతది లోపల ఎక్కడ పడుతుంది, పట్టాక ఎలా బయటికొస్తుంది? ఇస్త్రీ వదిన అది వాడుతోందని తెలిసి, ఎవరూ వినకుండా అడుగుదామనుకుంది.

కానీ కోతలక్క చెవులు మామూలు చెవులు కావు. రెండు మెట్ల పైనుంచి చెయ్యి చాపి ఆ పెట్టె అందుకుంది.

"ఇదా? దీని సంగతి నన్నడగాలి గానీ, నా తోడికోడల్ని అడుగుతావేమే? దానికేం తెలుసు?"

ఇస్త్రీ వదిన ఆవిడకి సొంత తోడికోడలే. ఒకే ఇంట్లో ఉంటారు, ఒకే దారిన పనికొస్తారు. ఆ మాట విని ఆమె ఇంకో ముద్ద నోట్లో పెట్టుకుంది.

కోతలక్క డిస్కుని పైకెత్తి వెలుగులో ఓసారి తిప్పి చూసి, మొదట చిన్నగానే ఎత్తుకుంది. పోయిన నెల పొద్దున్నే పెట్టుకుని పనికొచ్చిందట. రోజంతా బల్ల దగ్గర నిలబడి స్కూలు చొక్కాలు కోసిందట. ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక గానీ అది లోపలుందన్న సంగతే గుర్తు రాలేదట. ఒక్క చుక్క కారలేదు.

కాజాల చెల్లికి ప్రాణం లేచొచ్చింది. ఇది నమ్మదగ్గ మాటలాగే ఉంది. "మరి తీసేటప్పుడెలా అక్కా?" అని అడిగింది.

"తీయడం దాకా రానీవే. ఆ మర్నాడు ఏమైందో తెలుసా?"

ఆ మర్నాడు లిఫ్టు చెడిపోయిందట. గుడ్డ తానులు కిందే ఉండిపోయాయి, కూలీలు రాలేదు, సూపర్‌వైజరు తల పట్టుకున్నాడు. కోతలక్క కొంగు బిగించి భుజానికో తాను, చంకకో తాను, నెత్తి మీద ఇంకోటి పెట్టుకుని నాలుగంతస్తులు ఎక్కేసిందట. దిగి మళ్ళీ ఎక్కిందట. ప్యాడయితే సగం మెట్లకే మెలి తిరిగిపోయేది, టాంపానయితే దారానికి దణ్ణం పెట్టేది, ఇది మాత్రం కుదురు మీద కుండలా కూర్చుంది.

"మన హాలు ఉండేది రెండో అంతస్తు కదే," అంది ప్యాకింగ్ అత్త. పెద్దావిడ, లెక్కల్లో గట్టిది.

"బరువు మోసేవాళ్ళకి రెండే నాలుగవుతాయత్తా. నువ్వెప్పుడైనా మోశావా?" అని కోతలక్క ఆ అడ్డంకిని అలవోకగా దాటేసింది. "ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

ఆ తర్వాత మనవలు ఈత నేర్చుకుంటున్న కొలను దగ్గరికి వెళ్ళిందట. మనవరాలు అమ్మమ్మా నువ్వు దూకలేవుగా అందట. ఆ మాట అన్నాక ఊరుకుంటే ఆవిడ కోతలక్క ఎందుకవుతుంది? అన్నిటికన్నా ఎత్తు పలక మీదికెక్కి, పైట చెంగు నడుముకి చుట్టి, కళ్ళు మూసుకుని దూకేసిందట. అడుగు తాకి పైకి తేలేసరికి కొలను చుట్టూ జనం. ఈత నేర్పే అతను ఈల నోట్లోంచి తీసి, అమ్మా మీరు రేపటి నుంచి నా బదులు వస్తారా అని బతిమాలుకున్నాడట. నీళ్ళు అద్దంలా ఉన్నాయట, ఒక్క చుక్క కూడా...

"అక్కా, నువ్వు వాన పడితేనే గుమ్మం దిగవు," అన్నారెవరో.

"అవి పైనుంచి పడే నీళ్ళే, వాటి సంగతి వేరు."

కాజాల చెల్లి నవ్వుతోంది గానీ లోపల కంగారు తగ్గలేదు. పొద్దుట్నుంచీ నడుము పీకుతోంది, నెలసరి రేపో ఎల్లుండో వచ్చేలా ఉంది. మళ్ళీ అందుకుంది. "అది కాదక్కా, తీసేటప్పుడు చెయ్యి లోపలికి..."

"అక్కడికే వస్తున్నా," అని కోతలక్క ఎక్కడికో వెళ్ళిపోయింది. ఓ బస్సు, ఓ కొండ దారి. ఆడపడుచు ఇంటికి పోతుంటే సగం దారిలో బస్సు ఆగిపోయిందట. మగవాళ్ళందరూ దిగి తోస్తే వెనక్కే జారుతోందట. కోతలక్క కిటికీలోంచి చూసి చూసి ఇక లాభం లేదని దిగి, ఒక్కతే వీపు ఆనించి కొండ పైదాకా తోసిందట. పైకి చేరాక డ్రైవరు, అమ్మా కొండ దిగేటప్పుడు కాస్త పట్టుకుంటారా అని అడిగాడట. అదే బస్సులో ఓ లేడీ డాక్టరు ఉంది. ఇంత బలమెక్కడిదమ్మా అని అడిగి, సంగతి తెలిసి, చెయ్యి పట్టుకుని తన ఆసుపత్రికి తీసుకుపోయిందట. పరీక్ష చేసి, ఇంత కుదురుగా పెట్టుకున్నవాళ్ళని నా సర్వీసులో చూడలేదంటూ చదువుకునే పిల్లలందర్నీ పిలిచి వరసలో నిలబెట్టిందట.

"నిన్ను చూడటానికా?" అంది ప్యాకింగ్ అత్త.

"నన్ను చూడ్డానికి కాదు, నా మాట వినడానికి. వాళ్ళ పుస్తకాల్లో ఉన్నదేంటి, అనుభవంలో ఉన్నదేంటి?"

అక్కడితో ఆగినా పోయేది. కానీ వినేవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వుతుంటే కోతలక్క ఎప్పుడు ఆగింది గనక? ఆ డాక్టరమ్మ ఎవరికి చెప్పిందో ఏమో, ఆకాశంలోకి రాకెట్లు పంపేవాళ్ళ దగ్గర్నుంచి ఫోనొచ్చిందట. అమ్మా, భూమ్మీద కారకపోవడం గొప్ప కాదు, అక్కడ పైన చుక్క జారితే కింద పడదు, ఎగురుతూ తిరుగుతుంది, మా ఆడపిల్లలు చాలా ఇబ్బంది పడుతున్నారు, మీరొక్కసారి పైకెళ్ళి నేర్పి రండి అని ప్రాధేయపడ్డారట. కోతలక్క ఆలోచించి, నాకు స్కూలు చొక్కాల కోత మిగిలుంది, అది తెమిలాక చూద్దాం అని ఫోను పెట్టేసిందట.

"ఇంకా ఎదురు చూస్తున్నారు పాపం," అని నిట్టూర్చి, ఆవిడ డిస్కుని తిరిగి కాజాల చెల్లి చేతిలో పెట్టింది. "అందుకని నువ్వు భయపడకు. పోయిన నెలంతా నేను చూసిందే కదా."

అప్పుడు ఇస్త్రీ వదిన డబ్బా మూత పెట్టి, చేతులు తుడుచుకుని, ఎవరి వైపూ చూడకుండా నింపాదిగా అంది.

"అక్కా, నీకు నెలసరి ఆగిపోయి ఆరేళ్ళయింది."

 ప్యాకింగ్ అత్తకి పొలమారింది. ఎవరో ఆవిడ వీపు తట్టారు, తడుతూ తడుతూ తామూ నవ్వలేక కూలబడ్డారు. కోతలక్క మాత్రం చెక్కు చెదరలేదు. అందరి నవ్వూ సద్దుమణిగేదాకా ఆగి, తోడికోడలి వైపు తిరిగింది.

"అందుకేనే ఒక్క చుక్క కూడా కారలేదని చెబుతున్నాను. అందులో అబద్ధమేముంది?"

ఈసారి ఇస్త్రీ వదినకి కూడా నవ్వాగలేదు. అసలు జరిగిందేమిటో అప్పుడు ఆమె చెప్పింది. వాడింది తనే. మొదటిసారి బాత్రూములోకి వెళ్ళి డిస్కుని వేళ్ళతో మడిచి పట్టుకుంటే, అది చేతిలోంచి చేపలా జారి ఎగిరి బకెట్లో పడింది. కడిగి మళ్ళీ పట్టుకుంటే మళ్ళీ జారింది. ఆమె లోపల ఏడుపు మొహం పెట్టుకుని కూర్చుంటే, కోతలక్క తలుపు బయట స్టూలు వేసుకుని, పెట్టెలో వచ్చిన కాగితం కళ్ళజోడు పెట్టుకుని గట్టిగా చదువుతూ కూర్చుంది. మొదట చేతులు కడుక్కోమంది, గట్టిగా బిగబట్టద్దంది, తిన్నగా పైకి కాదు వెనక్కీ కిందికీ తొయ్యమంది. అది అయ్యేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు. వంట కూడా ఆ పూట మగవాళ్ళే చేసుకున్నారు.

"అంటే నేను లేకుండా అయ్యేదా మరి?" అంది కోతలక్క.

"అయ్యేది కాదు," అని ఒప్పుకుంది ఇస్త్రీ వదిన.

తర్వాత కాజాల చెల్లి వైపు జరిగి, ఆమె ఇందాకట్నుంచీ అడుగుతున్నదానికి జవాబు చెప్పింది. ముందు ఇంట్లో, సెలవు రోజున పెట్టి చూడమంది. అది వెనక్కి పోయాక ముందు అంచుని పొత్తికడుపు కిందుండే ఎముక వెనక్కి వేలితో ఎత్తి పెట్టాలి, అది కుదిరితే ఉన్నట్టే తెలియదు, కుదరకపోతే కారుతుంది. తీసేటప్పుడు చూపుడు వేలు అంచు కింద దూర్చి, పళ్ళెం ఒలక్కుండా తెచ్చినట్టు మెల్లగా లాగాలి. మొదట్లో చెయ్యంతా ఖరాబవుతుంది, అందుకు సిద్ధపడాలి. పన్నెండు గంటలకి మించి ఉంచకూడదు. ఒక్కోసారి పాయిఖానాకి కూర్చుని ముక్కితే దానంతటదే కాస్త ఒలికిపోతుంది, అప్పుడు మళ్ళీ సర్దుకోవాలి. నొప్పి పుడితే తీసెయ్యాలి. అందరికీ సరిపడుతుందని కూడా లేదు, తన ఆడపడుచుకి సరిపడలేదు, ఆవిడ ప్యాడ్లతోనే హాయిగా ఉంది.

"కారితే?" అంది కాజాల చెల్లి.

"కారితే కారుతుంది. కోటు ఉతికితే పోతుంది. నువ్వు పోతే కాజాలెవరు కుడతారు?"

 కాజాల చెల్లి తల ఊపి, పెట్టె సంచిలో దాచుకుంది.

సెలవు రోజునే ఆమెకి నెలసరి వచ్చింది. బాత్రూములోకి వెళ్ళి తలుపేసుకుంది. మొదటిసారి అది సరిగ్గా కూర్చోలేదు, గంటలోనే జారింది. తీసేటప్పుడు మోచేతి దాకా కడుక్కోవాల్సి వచ్చింది. విసుగొచ్చి ఇదీ మన వల్ల కాదనుకుంది. కాసేపు పడుకుని లేచి, మోకాళ్ళు మడిచి గొంతుక్కూర్చుని, వెనక్కీ కిందికీ అని తనలో తను చెప్పుకుంటూ ఇంకోసారి తోసింది. ముందు అంచు ఎముక వెనక్కి ఎక్కింది. లేచి నిలబడింది. గదిలో అటూ ఇటూ నడిచింది. ఏమీ తెలియలేదు. మర్నాడు రెండో రోజు, ఎందుకైనా మంచిదని పల్చటి ప్యాడొకటి కూడా పెట్టుకుని పనికి వచ్చింది. మిషను ముందు కూర్చుని, తిండి గంట మోగేదాకా కాజాలు కుడుతూనే ఉంది. లేచేటప్పుడు అలవాటు చొప్పున వెనక్కి తిరిగి స్టూలు చూసుకుంది. ఏమీ లేదు.

మెట్ల దగ్గర అందరూ అప్పటికే చేరారు. ఇస్త్రీ వదిన కళ్ళతోనే అడిగితే, ఆమె కళ్ళతోనే బాగుందని చెప్పింది. కోతలక్కకి కళ్ళతో చెప్పుకునే కబుర్లు ఆనవు. పైమెట్టు మీద పక్కకి జరిగి చోటిచ్చి, ఊఁ, ఏమైందో మొదట్నుంచీ చెప్పమంది.

"చెప్పడానికేముందక్కా," అంది కాజాల చెల్లి, డబ్బా విప్పుకుంటూ. "ఏమీ జరగలేదు."

కోతలక్క ఆమెని జాలిగా చూసింది. ఇంత మంచి వస్తువు చేతికొచ్చి, పొద్దుట్నుంచీ దాని మీద కూర్చుని, ఆఖరికి ఈ పిల్ల తెచ్చింది ఇంతేనా అన్నట్టు అందరి వైపూ చూసింది.

"సరేలే, నీకు చెప్పడం రాదు. ఏం జరగలేదో నేను చెబుతాను, కూర్చో."