లూకా ముఖం చెరిగిన పుట

అధ్యక్షులైన గ్రామపెద్దకు, పట్నం మ్యూజియం తరఫున మా పిందుస్ కొండలెక్కి వచ్చిన క్లెయాంథిస్ గారికి, మా పెళ్ళిళ్ళూ చావులూ దగ్గరుండి జరిపించి ఈ రోజు విశ్రాంతికి వెళుతున్న స్టెర్యోస్ ఫాదర్‌కు, పొయ్యిమీది చిక్కుళ్ళు దించి పరుగెత్తుకొచ్చిన నా తోటి ఆడవాళ్ళకు నమస్కారాలు.

ఫాదర్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. చెబుతాను. కానీ ఆయన స్థానంలో ఇంకొకరిని పంపరట, ఫాదర్ లేని చర్చికి తాళం వేస్తారట, తాళం వేసిన చర్చిలో మన సువార్త గ్రంథాన్ని ఉంచకూడదట. అందుకని, ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఒక సన్యాసి తోలు పుటలమీద గ్రీకులో రాసిన, దోపిడీల రోజుల్లో మన తాతలు తేనెపెట్టెల కింద దాచి కాపాడిన ఆ పుస్తకం కూడా ఈ మధ్యాహ్నమే జీపెక్కుతోంది.

పొద్దున క్లెయాంథిస్ గారు పుటలు తిప్పుతూ సువార్త రాసిన లూకా బొమ్మ దగ్గర ఆగి, "అయ్యో, ముఖం ఎలుకలు కొరికేశాయే" అన్నారు. మన ఎవ్దొకియా అవ్వ ఊరుకుంటుందా? "ఎలుకలేంటి నాయనా! ఆ ముక్కు గీకింది మా అత్త. ఆవిణ్ణి చూసుంటే ఎలుకే నయమనేవాడివి" అంది. (నవ్వులు)

నిజం అదే. లూకా వైద్యుడు కదా. మంచు పడి దారులు మూసుకుపోయినప్పుడు బిడ్డకు జ్వరమొస్తే, తల్లి ఆయన ముఖంమీది రంగు గోటితో రవ్వంత గీకి, నీళ్ళలో కలిపి తాగించేది. అది తప్పని ఫాదర్‌కు తెలుసు. బిషప్ గారు వచ్చి, "ఈయన ముఖమేమైందయ్యా?" అని గద్దిస్తే, "ముసలివాడు కదండీ, అరిగిపోయాడు" అన్నారీయన. అవ్వా, నవ్వకు, అప్పుడు నువ్వూ ఆ పక్కనే ఉన్నావు.

నా బిడ్డ తానాసిస్‌కు జ్వరం వచ్చినప్పుడు నేను చర్చి వాకిట్లో నిలబడి ఏడుస్తుంటే, ఫాదరే పుస్తకం తెరిచి, "నా దగ్గర మందు లేదు పోలిక్సేనీ, గీక్కో తల్లీ" అన్నారు.

వాడు దక్కలేదు. వాడికి ఫోటో తీయించనే లేదు. లూకా చెవి కింద నా గోటి గీత ఉంది. వాడికోసం నేను చేయగలిగింది అంతే, వాడిదంటూ నాకు మిగిలిందీ అదే. ఆదివారం అందరూ సువార్తను ముద్దాడి ఇళ్ళకు వెళ్ళాక ఫాదర్ నాకోసం ఆ పుట తెరిచి పట్టుకునేవారు. తొందరపెట్టేవారు కాదు. ఆయన మంచితనం గురించి నాకు తెలిసిన మాట ఇదొక్కటే.

క్లెయాంథిస్ గారూ, నలుగురిలో అడుగుతున్నందుకు మన్నించండి. మీ అద్దాల పెట్టెలో ఏడాదికొక్కరోజు ఆ పుట తెరిచి పెడతారా? బస్సెక్కి వస్తాను.

(క్లెయాంథిస్ గారు లేచి: "మీకు అబద్ధం చెప్పలేనమ్మా. చెడిపోయిన పుట చూపించరు. బంగారం మెరిసే మత్తయి బొమ్మ పుటే ఎప్పుడూ తెరిచి ఉంటుంది.")

మంచిది. ఉన్నమాట చెప్పారు.

ఫాదర్, మీరు వెళ్ళేచోట చలికాలం వెచ్చగా గడవాలి. ఇక్కడ మాకు చెప్పుకోవడానికి మనిషీ ఉండడు, చూసుకోవడానికి పుటా ఉండదు.

ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. బయట చినుకులు పడుతున్నాయి. పుస్తకాన్ని మైనపు గుడ్డలో చుట్టి నేనే ముడి వేశాను, మ్యూజియం చేరేదాకా విప్పకండి. చుట్టేముందు ఒక్కసారి తెరిచి చూద్దామనుకున్నాను. చూడలేదు, చూసుంటే నా చేత ముడి పడేది కాదు. సెలవు.